ఎనక కన్ను

గేటు స్తంభం కూలిన మర్నాడు
ఓనరు ఫోన్లో ఒకటే మాటన్నాడు:
"కెమేరా పెట్టించు. బిల్లు పంపు."
ముఖలింగం సంగతి ఎత్తలేదు.
ఎత్తకపోవడంలోనే ఉంది సంగతంతా.

పంతొమ్మిదేళ్లు. నా బండికి వెనక చూపు వాడు.
బాడీ మీద రెండు దెబ్బలు, రా.
ఒక్క దెబ్బ, ఆగు.
ఆ చప్పుడు నమ్ముకుని
ఇరవై టన్నుల రాయిని ఎక్కడెక్కడికో దూర్చాను,
లోయ అంచున క్వారీల్లోకి,
బొమ్మాళి సందుల్లోకి, వానలోకి.
కుడికంట్లో శుక్లం కమ్మిందని వాడు నాకు చెప్పలేదు.
ఆ సాయంత్రం ఒక దెబ్బ పడాల్సిన చోట రెండు పడ్డాయి.

టెక్కలి బైపాస్‌లో ఢిల్లేశ్వర్రావు షాపు.
కెమేరాలు బల్ల మీద పరిచాడు
సంతలో పీతల్ని పరిచినట్టు, కళ్లు బయటికి పెట్టి.
"ఇది పన్నెండు వోల్టులది, కారుకి.
నీ బండికి పెడితే సాయంత్రానికి కాల్చిన వంకాయే.
ఇదిగో, వైరు నేనిది. నీ బండి పొడుగుకి
బొమ్మ ఆగి ఆగి వస్తాది.
బొమ్మలో మేక నిలబడే ఉంటాది,
కింద మేక ఉండదు."

చివరికి మిగిలింది:
ఇరవైనాలుగు వోల్టులు, పదిహేను మీటర్ల వైరు,
చీకట్లో చూస్తుంది, నీళ్లకి జడవదు.
ముఖలింగం దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు
పలాసలో జీడిపిక్కలు చూసినట్టు.
"కోడిగుడ్డు పాటి నేదు. ఎంతేటి?"
"నాలుగువేల రెండొందలు, తెరతో కలిపి."
"నా బత్తా పద్నాలుగు రోజులది," అన్నాడు వాడు
లెక్క ఎవరూ అడక్కుండానే.

బంపరు మీద వద్దు, బురద.
పైన వద్దు, క్రేను గొలుసు తగులుతుంది.
నంబరు ప్లేటు పైన, అడ్డ ఛానెల్ కింద, బెత్తెడు లోపలికి.
ఆ చోటు చూపించింది ముఖలింగమే.
టైరు విసిరే రాయి అక్కడికి రాదని వాడికి తెలుసు.
ఎన్ని వానల్లో అక్కడ బీడీలు దాచాడో.

డ్రిల్లు ఇనుప పొట్టు రాల్చింది.
వైరు వాడు కింద పడుకుని తోస్తుంటే
నేను క్యాబిన్లోంచి లాగాను,
సైలెన్సరుకి ఎడంగా, జానెడుకో ముడి.

రివర్సు గేరు.
నీలంగా ఓసారి ఉలిక్కిపడి
తెర నిండా ముఖలింగం.

నాకు ఊపిరి ఆగింది.
ఇన్నేళ్లలో వాడు పని చేస్తుంటే చూడనేలేదు.
అద్దంలో సగం భుజం, తువ్వాలు చెంగు,
రాత్రయితే బీడీ నిప్పు. అంతే.
"రా రా" అనేటప్పుడు వాడి మొహం
పుల్లటిది నమిలినట్టు ముడుచుకుంటుందని తెలీదు.
ఎడమకాలు ఎప్పుడూ ఒక అడుగు వెనక్కి పెట్టి ఉంచుతాడని తెలీదు,
పక్కకి దూకడానికి.
నా బండి నుంచి.

కుడిచెయ్యి ఎత్తితే తెరలో ఎడమపక్క లేచింది.
ఢిల్లేశ్వర్రావు సన్నటి తెల్లవైరు ఒకటి కత్తిరించాడు,
చెయ్యి తన వైపుకి తాను వచ్చింది.
నేల మీద సుద్దగీత గీసి వాణ్ణి నిలబెట్టాం.
ఎర్రగీత వాడి చెప్పుల మీద పడేదాకా
కెమేరా తల వంచుతూ పోయాం.
"కదలకు," అన్నాడు ఢిల్లేశ్వర్రావు.
"నానెప్పుడు కదిలాను?"

ఇప్పుడూ దిగుతాడు.
దిగొద్దని ఒక్కసారి అన్నాను, మళ్లీ అనలేదు.
క్లీనరు ఉన్నాడా అని ఓనరు అడగలేదు,
ఉన్నాడని నేనూ చెప్పలేదు.

నిన్న రాత్రి యార్డులో తెరంతా బూడిద.
గ్రానైటు పొడి పేరుకుపోయి
గీతలు మాత్రం మిగిలాయి, దేని మీదా కాకుండా.
బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాను.
కాసేపటికి తెరలో ఒక బొటనవేలు,
కొండంత.
తర్వాత తువ్వాలు చెంగు, గుండ్రంగా, గుండ్రంగా.
తర్వాత ఏడంగుళాల తెర పట్టనంత దగ్గరగా
తెల్లపొర కమ్మిన కన్ను ఒకటి
లోపలికి తొంగిచూసింది.

"కనపడతన్నానా బావూ?"

హారన్ ఒక్కసారి కొట్టాను.